జెట్టీ మీద మా వదిన కుర్చీ

మాఘమాసం, శనివారం. పొద్దున అయిన పనులు: వాకిలి కడిగి ముగ్గు వేయడం, ఇడ్లీలు, మా ఆయనకు ఫ్యాక్టరీకి క్యారియర్, మోటారు వేసి తొట్టి నింపడం, మిద్దె మీద రాగులు ఎండబెట్టడం. సగంలో ఉన్న పని: ఈతకు సంచి సర్దుకోవడం. తువ్వాలు పెట్టాను, టోపీ వెతుకుతున్నాను. అప్పుడు ఫోన్ వచ్చింది. యూనివర్సిటీ ఆరోగ్య కేంద్రంలో పనిచేసే నర్సమ్మ మాట్లాడింది. మా వదిన తెల్లవారుజామున నిద్రలోనే పోయిందని చెప్పింది.

"సరేనమ్మా, వస్తా ఉండాము" అన్నాను. స్టవ్ ఆర్పాను. మిద్దె ఎక్కి రాగుల మీద గుడ్డ కప్పాను. మా ఆయనకు ఫోన్ చేశాను. మళ్లీ వచ్చి టోపీ వెతికాను. అది ఆ రోజుకు అక్కరలేదని కాసేపటికి గాని తోచలేదు.

వదిన అంటే మా ఆయనకు అక్క. నాకంటే పన్నెండేళ్లు పెద్దది. ఊరు కుందారపల్లి. భర్త పోయాక పొలం కొడుక్కి అప్పగించి, కొన్నాళ్లు అరుగు మీద కూర్చుని చూసింది. కూర్చోవడం చేతకాలేదు. కెలవరపల్లి డ్యాం నీళ్ల ఒడ్డున కొత్తగా కట్టిన యూనివర్సిటీలో ఆడపిల్లల హాస్టల్‌కు మేట్రన్ కావాలంటే తనే వెళ్లి అడిగింది. ఆ సంగతి తెలిసిన రోజు మత్తిగిరిలో మా ఇంట్లో పెద్ద గొడవే అయింది.

"మా అక్క పోయి ఎవురి పిల్లలకో ఆయాపని చేసేదేంది? ఊర్లో ఏమనుకుంటారు?" అన్నాడు మా ఆయన.

"ఊర్లో వాళ్లు అనుకునేది ఎప్పుడో అనుకునేసినారు, తమ్మా. నువ్వే ఆలస్యం" అంది వదిన. ఆ మాట అంటూనే నా వంక తిరిగి, "ఏమ్మే, సాంబార్లో ఉప్పు మరిచిపోయినావా, లేక మా తమ్ముడికి బీపీ అని దాచిపెట్టినావా?" అంది. వంట ఎవరు చేసినా ఉప్పు గురించి ఒక మాట అనకుండా ఆమె లేచేది కాదు. ఇన్నేళ్లలో నేను చేసిన ఏ కూరనూ బాగుందని అనలేదు. ఉన్నదున్నట్టు రాయాలి కాబట్టి ఇదీ రాస్తున్నాను.

యూనివర్సిటీ చూడని వాళ్లకు కొంచెం చెప్పాలి. గేటు దగ్గర మనిషి ముఖం చూసి తెరుచుకునే యంత్రం ఉంటుంది. లోపలికి పోతే ముందు లైబ్రరీ. నీళ్లవైపు గోడంతా అద్దమే. చదువుకునే పిల్ల తల ఎత్తితే డ్యాం కనపడుతుంది. దాని వెనక మెస్సు, టోకెన్ వేస్తే బట్టలు ఉతికే యంత్రాల గది, ఆరోగ్య కేంద్రం, హాస్టళ్లు, పైకప్పు ఉన్న ఈతకొలను. చివర నీళ్ల మీద తేలే జెట్టీ. పడవలు కట్టే తేలుడు వేదిక అది. డొల్ల ప్లాస్టిక్ దిమ్మెలు ఒకదానికొకటి తగిలించి చేశారు. అడుగు వేస్తే కింద మెత్తగా ఊగుతుంది.

వదిన నన్ను మొదటిసారి అక్కడికి తీసుకుపోయినప్పుడు గేటు యంత్రం ఆమె ముఖం చూసి వెంటనే తెరుచుకుంది, నా ముందు తెరుచుకోలేదు. "చూస్తివా? మిషనుకు గూడా తెలుసు, ఈ ఇంటి ఆడబిడ్డ ఎవురో" అంది. లోపల ప్రతి గదీ చూపించింది, తన చేతుల మీద కట్టించినట్టే. లైబ్రరీలో గొంతు తగ్గించింది. బట్టల యంత్రాల గదిలో ఒక మూత తెరిచి, "నేను పెండ్లైన కొత్తలో ఇది ఉంటే మా అత్తతో అన్ని మాటలు పడేదాన్ని కాదు" అంది. జెట్టీ మీద నేను కాలు పెట్టి వెనక్కి తీసేశాను. ఆమె చూసి వదిలేసింది. అప్పటికి.

నాకు నీళ్లంటే భయం. చిన్నప్పుడు మా అక్క బావిలో జారిపడింది. పక్కింటాయన దూకి బయటికి తీశాడు, ఆమెకు ఏమీ కాలేదు, ఇప్పుడు కృష్ణగిరిలో మనవళ్లతో ఉంది. కానీ మా నాయన వారం తిరక్కుండా బావి మీద రాతిబండ వేయించాడు. ఆ తర్వాత మా ఇంట్లో ఆడపిల్లలకు నీళ్లంటే బిందెలో ఉండేవే.

మా అమ్మాయి అదే యూనివర్సిటీలో చదువుతోంది. రోజూ బస్సులో పోయి వస్తుంది. రెండో సంవత్సరంలో ఒకరోజు పడవల జట్టులో చేరతానంది. అక్కడివి సన్నటి పొడుగాటి పడవలు. పోయే వైపుకు వీపు పెట్టి కూర్చుని, వదిలివచ్చిన ఒడ్డునే చూస్తూ తెడ్లు వేస్తారు. జట్టులో చేరాలంటే అమ్మో నాన్నో వచ్చి ఒప్పుకోవాలని నియమం. మా ఆయన, "నీళ్ల సంగతి నాకేం తెలుసు, మీయమ్మ ఊ అంటే ఊ" అని తప్పుకున్నాడు. నేను వద్దన్నాను. అమ్మాయి నాతో వాదించలేదు. అత్తకు చెప్పుకుంది.

వదిన నన్ను మెస్సుకు పిలిపించింది. మధ్యాహ్నం భోజనాలు అయిపోయి బల్లలు తుడుస్తున్నారు. మేం ముగ్గురం కిటికీ పక్కన కూర్చున్నాం.

"వద్దు వదినా. నీళ్ల కాడికి పంపే పనే ల్యా" అన్నాను.

"యాల?"

"భయం."

"ఎవురికి? దానికా, నీకా?"

అమ్మాయి కాఫీ గ్లాసులోకి చూస్తోంది.

"నీకు ఈత వచ్చునా?"

"రాదని నీకు తెలీదా?"

"మరి వద్దనేదానికి నువ్వెవురు? ఉప్పు ఎంతెయ్యాలో తెలీనోళ్లు..."

"వదినా, ఉప్పు సంగతి ఇప్పుడొద్దు."

"సరే, వద్దులే. నేను చెప్పేది విను. ఈడ స్విమ్మింగు పూలుండాది. శనివారం పొద్దున పిల్లల అమ్మలకీ, పనిచేసే ఆడోళ్లకీ గంటసేపు ఇస్తారు. నువ్వు రా. ఈత నేర్చుకో. ఈ కొస నుంచి ఆ కొసకు ఒక్కసారి పో. పోయినాక గూడా పిల్లకు పడవ వద్దంటివంటే, నీ జతకు నేనూ వద్దంటా."

"అందాకా?"

"అందాకా పిల్ల పడవ ఎక్కుతాది. నేను జెట్టీ మీద కూర్చోని కాపలా కాస్తా. నా కంటికి దాని మొగం కనపడినంత దూరమే పోవాల. కనపడలేదంటే తిప్పుకోని వచ్చేయాల."

"రోజూనా?"

"రోజూనే. నువ్వెంత బిన్నా ఈదితే నాకంత తొందరగా సెలవు. అది నీ బాకీ."

అమ్మాయి అప్పుడు నోరు తెరిచింది. "అత్తా, లైఫ్ జాకెట్ ఉంటాది, కోచ్ వేరే పడవలో వెనకే వస్తాడు. నువ్వు యాల కూర్చోవాల?"

"అవన్నీ నీకే. నేను మీయమ్మకు" అంది వదిన.

ఆ సాయంత్రమే ఆఫీసుకు పోయి ఒప్పుకున్నాను. ఒప్పుకున్నది వదిన పూచీ మీద.

మొదటి శనివారం జరిగింది ఇది. ఈతకొలను దగ్గర నేర్పే అమ్మాయి కృష్ణగిరి పిల్ల, ఇంట్లో తమిళం, మాతో తెలుగు. ఒళ్లంతా కప్పే నైలాను దుస్తు ఒకటి నాకిచ్చింది. అది తొడుక్కుని బయటికి వస్తే వదిన నన్ను కిందికీ మీదికీ చూసి, "చేపకు పొలుసు తొడిగినట్టుండాది. బాగుండావులే" అంది. తర్వాత తన గుడ్డసంచిలోంచి రెండు ఎండు సొరబుర్రలు తీసింది. కుందారపల్లి నుంచి తెప్పించిందట. మా పక్క పల్లెల్లో బావిలో ఈత నేర్పేటప్పుడు పిల్లల వీపుకు ఎండిన సొరబుర్ర కడతారు. ములగనివ్వదు. వదిన అట్లే నేర్చుకుంది, తన పిల్లలకు అట్లే నేర్పింది. పాత చీర అంచుతో రెంటినీ నా వీపుకు బిగించి కట్టేసింది.

"అమ్మా, ఏంది ఇది?" అంది నేర్పే పిల్ల.

"లైఫ్ జాకెట్టు. మా ఊర్లో కాసినాది."

"ఇక్కడ ఇదంతా కూడదమ్మా. సార్ చూస్తే నన్ను తిడతారు."

"మీ సారుకు నేను చెప్తాలే. ఒక్కసారి దిగనీ."

దిగాను. నిజంగానే తేలాను. రెండు చేతులతో గట్టు కమ్మీ పట్టుకుని, వీపు మీద రెండు బుర్రలతో తేలుతున్నాను. పక్కన దిగిన ఇద్దరు టీచరమ్మలు నవ్వాపుకోలేక ఈత మానేసి నిలబడ్డారు. నాకూ నవ్వు వచ్చింది. నవ్వేసరికి కమ్మీ మీద చెయ్యి జారింది, వెనక్కి తిరిగి వీపుతో గట్టుకు కొట్టుకున్నాను. ఒక బుర్ర పగిలింది. లోపలి ఎండు పీచూ గింజలూ నీళ్లంతా పరుచుకున్నాయి.

అప్పుడు నేర్పే పిల్ల నవ్వలేదు. ఆ పీచు వడపోత మిషన్లోకి పోతే మోటారు చెడిపోతుందట. అందరినీ పైకి రమ్మంది. ఆ రోజుకు కొలను మూసేశారు. మేనేజరు గారు వచ్చారు. వదిన ఆయనకు ఎదురు చెప్పలేదు. "తప్పు నాది సారూ. బావికి ఆ మిషనుండదు, నాకు తోచలే" అని, వల కర్ర తీసుకుని మధ్యాహ్నం దాకా గట్టు చుట్టూ తిరుగుతూ గింజలన్నీ తనే ఏరింది. ఏరినవాటిని పారెయ్యలేదు. ఆరబెట్టి హాస్టల్ వెనక, బట్టలు ఆరేసే చోటి కంచె పక్కన నాటింది. కార్తీకానికి ఆ కంచెంతా సొరతీగే. మెస్సులో వారానికి రెండుసార్లు సొరకాయ పప్పు. పిల్లలు విసుక్కుంటే, "నన్ను కాదు, మా మరదల్ని తిట్టండి. ఆయమ్మ పగలగొట్టినాది" అనేది.

ఈత విషయంలో వదినకూ నేర్చుకునేది ఉండింది. ఆమె ఈదితే తల నిలువుగా నీళ్ల పైనే ఉండేది, బాతులాగ. మెడ నొప్పి పుట్టేది. నీళ్లలో ముఖం పెట్టి ఊపిరి వదలడం ఆమెకు రాదు. నేర్పే పిల్ల ఒకటికి పదిసార్లు చూపించింది. చివరికి వదిన హాస్టల్లో బకెట్ నింపుకుని, అందులో తల ముంచి సాధన మొదలుపెట్టింది. ఒకనాడు ఒక పిల్ల తలుపు తోసి చూసి, మేట్రనమ్మ బకెట్లో పడిపోయిందని అరిచింది. హాస్టలంతా పరుగెత్తుకొచ్చింది. వదిన తల ఎత్తి నీళ్లు తుడుచుకుని, "ఏం పాపా, చావు చూసేదానికి వచ్చినారా? ఇంకా టైముండాది, పోయి చదువుకోండి" అందట. ఆ మాట పిల్లలు ఇప్పటికీ చెప్పుకుంటారు. నాకు చెప్పినప్పుడు కూడా నవ్వుతూ మొదలుపెట్టి మధ్యలో ఆపేశారు.

నాకు ఆమె చెప్పిన పాఠాలు తక్కువ. "నీళ్లను కొట్టొద్దు. తోయి." ఇంకొకటి: "భయమంతా మెడలో ఉంటాది. కాళ్లనెందుకు ఆడిస్తావు, మెడ వదులు." మూడోది నేను నీళ్లలో దణ్ణం పెట్టినప్పుడు అన్నది: "మొక్కితే తేలిస్తాదా? అది మన చుట్టం గాదు, పగా లేదు. నువ్వెవురో దానికి తెలీదు. ఆ గేటు మిషనే నయం."

కొలను సగం వరకు నేల కనపడుతుంది, అడుగు పలకలు లేత నీలం. అక్కడి నుంచి అడుగు కిందికి జారి, పలకలు ముదురు నీలం అవుతాయి. నేను ప్రతి శనివారం ఆ రంగు మారే చోటికి పోయి, పక్కన కమ్మీ పట్టుకునేదాన్ని. అంతకు మించి ఒక్క బార కూడా పోలేదు. ఆషాఢం పోయింది, శ్రావణం పోయింది. వదిన ఒడ్డున కూర్చుని, "ఏమ్మే, ఆడ ఏమన్నా చెక్‌పోస్టుందా?" అని అరిచేది. తోసేది మాత్రం కాదు. చెయ్యి పట్టుకుని లాగింది కూడా లేదు.

సాయంత్రం పూట ఆమె జెట్టీ మీద ఉండేది. మెస్సు నుంచి ఒక నీలం ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి, గాలికి పోకుండా దాని కాలును తాడుతో గుంజకు కట్టింది. మొదటి రోజు దాని మీద కూర్చోగానే, "నేల ఊగుతా ఉండాదే! మా అమ్మ ఉయ్యాల్లో వేసినట్టుండాది" అందని అమ్మాయి ఇంటికొచ్చి చెప్పింది. ఊరికే కూర్చునేది కాదు. అనపకాయల కాలంలో నానబెట్టిన గింజల గిన్నె ఒళ్లో పెట్టుకుని పితికేది. కళ్లు నీళ్ల మీద, వేళ్లు గిన్నెలో. తొక్క ఒక పక్క, పప్పు ఒక పక్క. వానాకాలం ఎగువ నుంచి కొత్త నీళ్లు దిగినప్పుడు డ్యాం మీద తెల్లటి నురగ గుట్టలుగా లేస్తుంది. గాలికి ముక్కలై జెట్టీ మీదికి వస్తుంది. ఆ రోజుల్లో పడవలు దించరు. వదిన నాకు ఫోన్ చేసి, "ఈ పొద్దు గంగమ్మ సబ్బు రుద్దుకుంటా ఉండాది. మీ పిల్ల ముందు బస్సుకే వస్తాది" అని పెట్టేసేది. ఫోన్‌లో రెండు మాటలకు మించి మాట్లాడేది కాదు.

ముఖం కనపడే దూరం ఎంతో తేల్చడానికి ఒకరోజు పిల్లలు పడవ నిదానంగా వెనక్కి తోసుకుంటూ పోయారట. వదిన కుర్చీలోంచి లేచి కళ్లు చిట్లించి, "చాలు! ఇంక ఎవురో తెలీలే!" అని అరిచిన చోట ఒక గుర్తు పెట్టాలనుకున్నారు. కంచె మీద ఎండిన మొదటి సొరబుర్రను తాడుతో రాయికి కట్టి అక్కడ వదిలారు. ఆ చోటు ఎట్లాగూ క్లబ్బు వాళ్ల హద్దుకు చాలా ఇవతలే కాబట్టి కోచ్ కాదనలేదు. మిగతా పడవలు దాన్ని దాటి పోయేవి. మా అమ్మాయి ఉన్న పడవ అక్కడ తిరిగేది. జట్టులో మిగిలిన ముగ్గురు పిల్లలు దీనికి ఎట్లా ఒప్పుకున్నారో నాకు తెలియదు. వదిన పితికిపప్పు తిన్నందుకేమో.

మార్గశిరంలో చలి పెరిగింది. ఆమె మోకాళ్లు వాచాయి. ఒక శనివారం తల తుడుచుకుంటూ అన్నాను.

"చాల్లే వదినా. నువ్వింక ఆ చలిలో కూర్చోవద్దు. పిల్లకు ఏం గాదని నాకు తెలిసిపోయింది."

"తెలిసిపోయిందా? యాడ తెలిసింది? ఆ చెక్‌పోస్టు కాడనా?"

"నీ మోకాళ్లు చూడు."

"నా మోకాళ్లు నావి. బాకీ నీది. రెండూ కలపొద్దు." నా తువ్వాలు తీసుకుని నా జుట్టు తనే తుడిచింది. గట్టిగా, పిల్లలకు తుడిచినట్టు. "నేను కూర్చుంటానని నీకు ధైర్యంగా ఉండాది. అది ధైర్యం గాదమ్మే. అది నేను" అంది.

ఆమె పోయిన రోజు హాస్టల్లో ఆమె గదిలోకి వెళ్లింది నేనే. మంచం పక్క కుర్చీ మీద తువ్వాలు, ఈత టోపీ, సబ్బు డబ్బా వరసగా పెట్టి ఉన్నాయి, శనివారానికి. బీరువా కింద నా టిఫిన్ డబ్బాలు మూడు కనపడ్డాయి. మూతలు లేవు. ఏడాదిగా వాటిని అడుగుతున్నాను, ఇచ్చేశానని వాదించేది. డబ్బాల నిండా సొరగింజలు.

కుందారపల్లికి తీసుకుపోయాం. హాస్టల్ పిల్లలు యూనివర్సిటీ బస్సులో వచ్చారు. వాకిట్లో ఎక్కడ కూర్చోవాలో, ఏం చెయ్యాలో వాళ్లకు తెలియలేదు. ఎక్కడో ఉత్తరాది నుంచి వచ్చిన పిల్ల ఒకతె, వచ్చినవాళ్లు నీళ్లు తాగి పెట్టిన గ్లాసులన్నీ తీసుకుపోయి తొట్టి దగ్గర కడిగింది. ఎవరూ చెప్పలేదు. కొడుకు చేయవలసినవన్నీ చేశాడు. దినాలు అయ్యి ఇంటికి వచ్చాక ఒక రాత్రి మా ఆయన అన్నం కలుపుతూ, "ఉప్పు తక్కువ" అన్నాడు. తక్కువ కాదు. నేను ఉప్పు గిన్నె జరిపాను.

ఆ రోజుల్లో మా అమ్మాయి ముందు బస్సుకే ఇంటికి వచ్చేది. నేను అడగలేదు. ఒక సాయంత్రం అదే అడిగింది. నేను చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నాను, పక్కన కూర్చుని రెండు కాయలు తీసింది.

"అత్త ల్యా గదమ్మా. నేనింక పడవకు పోవద్దా?"

"మీ కోచ్ ఏమన్నాడు?"

"వచ్చే నెల పోటీకి పోవాలంటే ఈ వారం చెప్పమన్నాడు. లేదంటే నా జాగాలో వేరే పిల్లను పెట్టుకుంటారంట." ఇంకో కాయ ఈనె తీసి, "నువ్వు వద్దంటే వద్దులే. అత్త మాట మీద గదా నువ్వు ఒప్పుకునింది" అంది.

వద్దంటే అక్కడితో అయిపోయేది. పూచీ పడ్డ మనిషి లేదు, ఎందుకని అడిగే మనిషి లేదు. అమ్మాయి కూడా మారు మాట్లాడేది కాదు. నేను వద్దనలేదు, సరే అని కూడా అనలేదు.

"శనివారం కానీ" అన్నాను.

శనివారం ఈతకొలనుకు పోయాను. నేర్పే పిల్ల నన్ను చూసి గట్టు మీదికి వచ్చి నిలబడింది. గట్టు మీద వదిన కూర్చునే చోట ఎవరిదో తువ్వాలు ఉంది. దిగాను. ఊపిరి నీళ్లలో వదిలాను, పక్కకు తిరిగి పీల్చాను. లేత నీలం అయిపోయింది. ముదురు నీలం మొదలయ్యే చోట చెయ్యి దానంతటదే కమ్మీ వైపు పోయింది. మెడ బిగుసుకుంది. బిగుసుకున్నదని తెలిసింది. మెడ వదిలాను. అంతే, అక్కడ నేను చేసిన పని అదొక్కటే. అడుగు కనపడలేదు. కనపడకపోయినా నీళ్లు ఇవతల ఉన్నట్టే ఉన్నాయి, బరువు పెరగలేదు, తగ్గలేదు. తోశాను, మళ్లీ తోశాను. అవతలి గట్టు వేళ్లకు చల్లగా తగిలింది.

నేర్పే పిల్ల గట్టు వెంబడే నడిచి వచ్చిందట, నేను చూడలేదు. చెవుల్లో నీళ్లు ఉండి చప్పట్లు ఎక్కడో దూరంగా వినపడ్డాయి. "అక్కా, తిరిగి గూడా పోతారా?" అంది. "వద్దమ్మా. మాట ఒక్కసారికే" అన్నాను. కమ్మీ పట్టుకుని కాసేపు అక్కడే ఉన్నాను. ఇప్పుడు నేను వద్దంటే ఆ మాట చెల్లుతుంది. వద్దనాలని ఉందా అని చూసుకున్నాను. లేదు.

బట్టలు మార్చుకుని జెట్టీకి నడిచాను. పిల్లలు నలుగురూ పడవ దించి నిలబడి ఉన్నారు. నీలం కుర్చీ అక్కడే ఉంది, కాలికి తాడుతో. ఎవరూ దాని మీద కూర్చోలేదు, ఎవరూ తీయలేదు. సందుల్లో అనపతొక్కలు రెండు ఎండిపోయి ఉన్నాయి. జెట్టీ మీద కాలు పెట్టాను. కింద ఊగింది. కుర్చీ దాకా పోయాను.

అమ్మాయి నా తడి జుట్టు చూసింది. "ఆ కొసకు పోయినావా?"

"పోయినాను."

"మరి?"

"పో."

మిగతా పిల్లలు ఒక్కసారిగా పడవలోకి దిగబోయారు. అమ్మాయి మాత్రం నిలబడే ఉంది. "నువ్వు ఈడ కూర్చుంటావామ్మా?"

"ల్యా. మిద్దె మీద రాగులుండాయి, మిల్లుకు తీసుకపోవాల."

"ఎంత దూరం పోవాల?"

"మీ కోచ్ చెప్పినంత."

జాకెట్ బిగించుకుని ఎక్కింది. తెడ్లు నీళ్లలో పడ్డాయి. దూరంగా సొరబుర్ర ఒక పక్కకు ఒరిగి తేలుతోంది, దాని మీద కొంగ కూర్చోబోయి నిలవలేక లేచిపోయింది. నేను తిరిగి లైబ్రరీ పక్క దారిలో బస్సు కోసం నడిచాను. పడవ ఆ బుర్రను దాటిందో లేదో చూడలేదు. తెడ్డు వేసేవాళ్లు ఒడ్డువైపే చూస్తారు కాబట్టి, కుర్చీ ఖాళీగా ఉండటమూ, దానికి అవతల పోతున్న నా వీపూ అమ్మాయికి చాలా దూరం కనపడి ఉంటాయి.

సాయంత్రం పనులు: రాగులు మిల్లుకు, తడి తువ్వాలు ఆరవేయడం, మూడు డబ్బాలకు కొత్త మూతలు చూడటం. వదినకు ఉన్న బాకీ: ఈ కొస నుంచి ఆ కొసకు ఒక్కసారి. చెల్లు.